చివర ఎక్కడ?

మా మేనత్తది పాలమూరు వైపు, మరికల్ దగ్గర చిన్న ఊరు. పోయిన బతుకమ్మకు వెళ్లినప్పుడు పక్కింటావిడకు నన్ను చూపించి, "మా తమ్ముని బిడ్డ, వాననీళ్ల ఇంజనీరు" అని చెప్పింది. నా విజిటింగ్ కార్డు మీద 'టెక్నికల్ స్పెషలిస్ట్, నదులు, వరదనీటి కాలువలు' అని ఉంటుంది. అత్త చెప్పిందే బాగుంది. పక్కింటావిడ మాత్రం నన్ను కిందికీ పైకీ చూసి, "వానేది పిల్లా ఈడ? ఏం పని జేస్తవు మరి?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తిరుగు బస్సులో, కల్వకుర్తి దాటాక, ముందు సీటాయన చేతిలో పేపర్ కనపడింది. ఏదో ఊళ్లో కాలనీలు మునిగాయట. ఫోటో మీద పెద్ద అక్షరాలతో 'ఊహించని వాన'. నల్లగొండ వచ్చేదాకా ఆ రెండు మాటలూ బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. ఒకరేమో ఇక్కడ వానే లేదంటారు. ఇంకొకరేమో వచ్చిన వాన ఎవరి ఊహకూ అందనిదంటారు. నాకు జీతం ఇచ్చేది ఊహించడానికే కదా. ఇద్దరి మాటా నిజమైతే నా ఉద్యోగం దండగ.

నిజానికి వానను ఊహించడం మా పనిలో సులువైన ముక్క. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఏడాదికి 600 మిల్లీమీటర్ల చుట్టూ పడుతుంది, నల్లగొండలో 750 చుట్టూ. తక్కువే. కానీ మోరీకి ఏడాది లెక్కతో పనేముంది? ఆ 600లో 60 ఒక్క గంటలో పడితే, దానికి కరువు జిల్లా అని తెలుస్తుందా? పాత రికార్డుల్లో రోజుకు ఒకటే అంకె ఉంటుంది, పొద్దున ఎనిమిదిన్నరకు గేజీ చూసి రాసుకున్నది. రోజు వాన నుంచి గంట వాన తీయడానికి వాతావరణ శాఖ (ఐఎండీ) సూత్రం ఒకటుంది. 100 మిల్లీమీటర్లు పడిన రోజుకు అది గంటకు 35 అని చెబుతుంది. మన ఆగస్టు వానలు ఆ సూత్రాన్ని చదువుకోలేదు. ఇప్పుడు మండలాల్లో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు వచ్చాక గంట గంటకూ అంకె దొరుకుతోంది కాబట్టి ఆ సాకు కూడా లేదు.

నేల సంగతీ తెలిసిందే. పైన పలచని చల్క (ఎర్ర ఇసుక నేల), కింద గ్రానైటు. పొలాలుగా ఉన్నప్పుడు పడిన వానలో 100కు 30 పాళ్లు పారిందనుకుంటే, అదే చోట ఇళ్లు, సీసీ రోడ్లు వచ్చాక 70 పాళ్లు పారుతుంది. 100 హెక్టార్ల మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన లెక్కన మొదటిది 177 క్యూసెక్కులు, రెండోది 412. బీటెక్ పిల్లలు పరీక్షలో పది నిమిషాల్లో చేసే లెక్క ఇది.

కాబట్టి ఎవరూ ఊహించనిది వాన కాదు. ఆ నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలన్నదే. మన పట్టణాల్లో మోరీలు జనం గొడవ చేసిన చోట మొదలై, పైసలు అయిపోయిన చోట ఆగిపోతాయి. పదకొండేళ్ల పని తర్వాత నాకు మిగిలిన అభిప్రాయం ఒకటే. మోరీని కింది నుంచి పైకి కట్టాలి. చివర చూపించని డ్రాయింగ్ మీద నాలాంటి వాళ్లు సంతకం పెట్టకూడదు. ఈ మాట అనడానికి నాకున్న అర్హత తక్కువ. ఎందుకంటే నేను పెట్టాను.

షీటులో లేని ఇల్లు

ఊరి పేరు చెప్పను. పాలమూరు వైపు ఒక పట్టణం, ఆరేడేళ్ల కిందటి మాట. గుట్ట వాలులో కొత్త కాలనీ. ప్రతి వానకూ వీధుల్లో మోకాలి లోతు నీళ్లు. 640 మీటర్ల బాక్స్ డ్రెయిన్ మంజూరైంది. సర్వే వచ్చింది, లెవెల్స్ చూశాను, సెక్షన్ వేశాను. డ్రాయింగ్ చివర ఒక బాణం గుర్తు గీసి 'ఉన్న నాలాలోకి' అని రాశాను. ఆ నాలాను చూడలేదని అబద్ధం చెప్పను, చూశాను. మూడడుగుల మట్టి కాలువ, నిండా సర్కారు తుమ్మ. అక్కడి నుంచి వాగు దాకా ఇంకో 400 మీటర్లు. అది తర్వాతి దశలో చేస్తార్లే అనుకున్నాను. మా ఫైళ్లలో 'తర్వాతి దశ' అన్న మాట దొరికినన్ని సార్లు 'నీళ్లు' అన్న మాట కూడా దొరకదు.

మరుసటి ఏడు ఆగస్టులో వాన దంచికొట్టింది. కాలనీలో చుక్క నిలవలేదు. సంఘం వాళ్లు ఫోన్ చేసి మరీ థ్యాంక్స్ చెప్పారు. రెండో రోజు మున్సిపాలిటీ నుంచి ఇంకో ఫోన్. వెళ్లి చూస్తే, నా బాణం గుర్తు కింది గల్లీలో నాలుగిళ్లలోకి నీళ్లు వచ్చి ఉన్నాయి. అంతకుముందు పైన నిలిచి, కొంత ఇంకి, మిగిలింది గంటల తరబడి మెల్లగా దిగేది. నేను దాన్ని నున్నటి సిమెంటు కాలువలో పావుగంటలో తెచ్చి వాళ్ల గడపలో దింపాను.

ఒక ఇంట్లో ముసలామె బియ్యం సంచిని మంచం మీదికెక్కించి, గడపలో కూర్చుని ప్లాస్టిక్ తట్టతో నీళ్లు ఎత్తిపోస్తోంది. నా చంకలో డ్రాయింగ్ చుట్ట చూసి ఏంటది, చూపించు అంది. మంచం మీద పరిచాను. కాలనీ ఉంది, రోడ్లున్నాయి, పోచమ్మ గుడి ఉంది. వేలు పెట్టి అన్నీ గుర్తుపట్టింది. తర్వాత "మా ఇల్లేది బిడ్డా?" అంది. షీటు అంతకు రెండంగుళాల ముందే అయిపోయింది.

ఆమె నన్నేమీ అనలేదు. పక్కింటాయన అన్నాడు, ఇద్దరి వాటా కలిపి.

ఆ పని బిల్లులో 'వరద నివారణ' అని ఉంది. జరిగింది వరద బదిలీ. టీచర్లను ఒక బడి నుంచి ఇంకో బడికి పంపినట్టు, నీళ్లను ఒక గల్లీ నుంచి ఇంకో గల్లీకి పంపాం. ఆ నాలుగిళ్లకు తర్వాత ఏం చేశామంటే, నాలాలో తుమ్మ కొట్టించి జేసీబీతో మట్టి తీయించాం. రెండేళ్లలో మళ్లీ తుమ్మ మొలిచింది.

శిలాఫలకం ఎక్కడ పెట్టాలె?

ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఓపిక పట్టండి. 2 మీటర్ల వెడల్పున్న సిమెంటు కాలువలో ఒకటిన్నర మీటరు లోతున నీళ్లు పారుతున్నాయనుకోండి. 500 మీటర్లకు 1 మీటరు వాలు ఉంటే అది సెకనుకు 6 ఘనపు మీటర్లకు పైగా మోస్తుంది. వాలు 2000 మీటర్లకు 1 మీటరే దొరికితే మోసేది 3 చిల్లర. అదే కాలువ, అదే సిమెంటు, అదే బిల్లు. నీళ్లు మాత్రం సగం. ఎంత వాలు దొరుకుతుందో చెప్పేది పైన మునిగిన వీధి కాదు, కింద కలిసే చోటి లెవెల్.

ఇంకొకటి. 500కు 1 వాలున్న మోరీ ఒక చెరువులో కలుస్తోంది. చెరువు నిండి, నీటిమట్టం మోరీ అడుగు కన్నా మీటరు ఎత్తులో ఉంది. అప్పుడు ఆ మోరీలో అర కిలోమీటరు వెనక్కి దాకా నీళ్లు నిలబడే ఉంటాయి, వాన మొదలు కాకముందే. వానొస్తే కొత్త నీళ్లకు మిగిలేది పైనున్న కాస్త జాగా. మహబూబ్‌నగర్‌లో వానాకాలం రాగానే పెద్ద చెరువు పేరు, దాంతోపాటు రామయ్యబౌలి, బీకే రెడ్డి కాలనీల పేర్లు పేపర్లకెక్కుతాయి. అక్కడ నీళ్లు దారి తప్పి రాలేదు. ఉన్న దారిలోనే వచ్చాయి, దారిలో మనం ఉన్నాం.

అసలు చివరే లేని కట్టడం కావాలంటే రైలు పట్టాల కింది దారులు చూడండి. గేటు తీసేసి, పట్టాల కింద తవ్వి రోడ్డు వేస్తారు. ఆ చుట్టుపక్కల అన్నిటికన్నా పల్లపు చోటు అదే అవుతుంది. అక్కడి నుంచి నీళ్లు వాటంతటవే పోవాలంటే అంతకన్నా పల్లం ఇంకోటి కావాలి. లేకపోతే మోటారు పెట్టి తోడాలి. 2022 జులైలో మహబూబ్‌నగర్ దగ్గర మాచన్‌పల్లి, సిగురుగడ్డ తండాల మధ్య అలాంటి దారిలోనే పిల్లలతో ఉన్న స్కూల్ బస్సు నీళ్లలో ఇరుక్కుంది. ఊరివాళ్లు దూకి పిల్లలను బయటికి తీశారు.

ఇవన్నీ నేను ఒక ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) చెప్పాను. మంచివాడు, పని తెలిసినవాడు, నాకన్నా చిన్నవాడు. ఆయన మొత్తం విని, "మేడమ్, మీరు చెప్పేది కరెక్టే. కానీ నీళ్లు బయటపడే ఔట్‌ఫాల్ పోయేది పట్టా భూమిలోంచి. భూసేకరణ అంటే మూడేండ్లు. మార్చి లోపల పైసలు ఖర్చు కాకపోతే వాపస్ పోతయి" అన్నాడు.

అయితే ఉన్న పైసలతో కింది నుంచి 300 మీటర్లు వేద్దాం, వాగు దగ్గర సర్కారు జాగా ఉంది కదా, వచ్చే ఏడు అక్కడి నుంచి పైకొద్దాం అన్నాను.

ఆయన నవ్వాడు. "పొలాల మధ్య మోరీ ఏసి, శిలాఫలకం ఏడ పెట్టాలె మేడమ్?"

నవ్వులాటకు అన్నా, అందులో కొట్టిపారేయలేని మాట ఒకటుంది. మోకాలి లోతు నీళ్లలో బతుకుతున్న వీధికి వెళ్లి, మీకు కాలువ వస్తుంది, అయితే ముందు రెండేళ్లు మీకు కనపడని చోట వేస్తాం అని చెప్పడం ఎలా? వాళ్ల పిల్లలు ఈ వానాకాలమే ఆ నీళ్లలో నడిచి బడికి పోతారు. నా వాదన కాగితం మీద ఎంత నిఖార్సుగా ఉన్నా, ఆ వీధిలో నిలబడి చెప్పాల్సి వచ్చినప్పుడు నాకూ గొంతు పెగల్లేదు. చెప్పింది ఏఈయే. నేను పక్కన ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

నీరటి చిన్నకొడుకు

గొలుసుకట్టు చెరువులు కట్టినవాళ్లకు నా సూత్రం కొత్తదేం కాదు. ఒక చెరువు మత్తడి (అలుగు) దూకితే ఇంకో చెరువు నిండాలి, ఆఖరి చెరువు మత్తడి వాగులో పడాలి. చివర తెలియని చెరువు ఆ గొలుసులో లేదు. ఇక్కడిదాకా రాగానే మనవాళ్లకు పూనకం వస్తుంది, పాతకాలపు వాళ్ల తెలివే తెలివి అని. నాకు ఆ పూనకం దిగిన రోజు ఒకటుంది.

నకిరేకల్ వైపు ఒక ఊరు. తాతల నాటి నుంచి చెరువు తూము తీసిన నీరటి కుటుంబం. పెద్దాయన ముందు నడుస్తున్నాడు. ఎత్తులు కొలిచే ఆటో లెవెల్, స్టాఫ్ అనే కొలకర్ర మోసుకుంటూ సర్వే పిల్లలు, వాళ్ల వెనక నేను. ఒర్రె (చిన్న వాగు) ఎక్కడ మళ్లేదో, ఎక్కడ రెండుగా చీలేదో, పూర్తిగా పూడి దున్నేసిన చోట కూడా ఆయన కర్రతో గీసి చూపించాడు. తర్వాత లెవెల్స్ తీస్తే ఆయన గీతే సరైంది. ఒకచోట మాత్రం ఆగకుండా, "ఈడ సూసేదేం లేదు, పాండ్రి" అంటూ ముందుకు పోయాడు. అక్కడొక రేకుల షెడ్డు, లోపల ట్రాక్టర్ రిపేరు. కచ్చితంగా కాలువ మీదే ఉంది. సర్వే పిల్లగాడు ఊరుకోకుండా "ఎవరిది తాతా ఇది?" అని అడిగేశాడు.

"మా చిన్నోనిది."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆయనే అన్నాడు: "నీళ్లు రాని కాల్వకు ఎన్నేండ్లు కాపలుండాలె బిడ్డా? పదిహేనేండ్లు సూసిన."

మేనత్త పక్కింటావిడ మాట నాకు అప్పుడు అర్థమై ఉండాల్సింది, బస్సులో కాదు. నీళ్ల దారి పోయింది జ్ఞానం లేక కాదు. దుర్మార్గులు కబ్జా చేశారని అన్నిచోట్లా అనలేం కూడా (కొన్నిచోట్ల నిస్సందేహంగా అనొచ్చు). మన దగ్గర దారిని చెరిపేది కరువే. వాన బాగా పడే చోట కాలువ ఏడాదికోసారైనా తన జాగా గుర్తుచేస్తుంది. ఇక్కడ పదేళ్లు ఎండిపోయి ఉంటుంది. ఆ పదేళ్లలో ఒక పెళ్లి, ఒక అప్పు, పట్నం పోయి తిరిగొచ్చిన ఒక కొడుకు, ఒక షెడ్డు. పదకొండో ఏడు వానొస్తుంది. 10 మీటర్ల లోపు నాలా అయితే అంచు నుంచి 2 మీటర్లు, అంతకన్నా వెడల్పైతే 9 మీటర్లు వదలాలని భవన నిబంధనల్లో ఉంది. నాలానే కనపడనప్పుడు అంచు ఎక్కడి నుంచి కొలవాలి?

హైదరాబాద్ షీటు ఎక్కడ అయిపోతుంది

మా అమ్మమ్మగారి ఊరు వలిగొండ దగ్గర, మూసీ ఒడ్డున. హైదరాబాద్‌లో మీటింగులకు పోతే అందరూ మూసీ గురించి మాట్లాడతారు, గండిపేట నుంచి నాగోలు దాకా. వాళ్ల షీటు అక్కడ అయిపోతుంది. ఆ తర్వాత నది భువనగిరి, వలిగొండల మీదుగా, కత్వలు (చిన్న ఆనకట్టలు) దాటుకుంటూ, సూర్యాపేట దగ్గర మూసీ ప్రాజెక్టులో ఆగి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే దాకా ఉన్నది మేమే. అంత పెద్ద నగరం మోరీలన్నిటి చివర బాణం గుర్తు పెట్టి 'ఉన్న నదిలోకి' అని రాసినట్టే కదా. ఆ ముసలామె గడపలో ఎలాగైతే నిలబడ్డానో, భీమలింగం కత్వ దగ్గర నురగ చూస్తూ నిలబడితే నాకు అలాగే ఉంటుంది. కాకపోతే ఈసారి నేను గడప లోపల.

ఇంత ఆవేశంగా మాట్లాడితే మా మామయ్య నన్ను ఆపేస్తాడు. "ఆ నీళ్లు బంజేస్తే మేమేం తినాలె? ఎండకాలంల గూడ నాటు పడుతుందంటె గా మురికి నీళ్లతోనే." నిజమే. ఎండాకాలం మూసీలో పారేది చాలావరకు పట్నం వదిలిన నీళ్లే. ఒకప్పుడు ఎండిపోయే నది ఇప్పుడు ఏడాదంతా పారుతోంది. ఆయనకు కాళ్లకు దురద, తాగడానికి క్యాన్ నీళ్లు, రెండు పంటల వరి. ఈ మూడింటినీ ఏ లెక్కలో కలపాలో నాకు తెలియదు. నీళ్లు శుద్ధి చేసి వదలమని అడుగుదాం మామయ్యా అంటే, "ముందుగాల వదలనియ్యి" అంటాడు.

మూసీ నా వాదనకు ఇంకో అడ్డం కూడా వేస్తుంది. 1908 సెప్టెంబర్ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపిస్తే, ఆయన ముందు చూసింది కిందికి కాదు, పైకి. నీళ్లను ఊరికి ఎగువనే పట్టి ఆపాలన్నాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. కింది నుంచి పైకి అని నేను గొంతు చించుకుంటుంటే, పైనే ఆపితే సరిపోదా అని ఎవరైనా అడగొచ్చు. సరిపోతుంది, పైన చెరువుకు జాగా మిగిలి ఉంటే. ఆ చెరువులకూ నిండిన రోజు గేట్లు ఎత్తాల్సిందే, ఆ నీళ్లకూ ఒక చివర కావాల్సిందే.

చివర ఒక్కటే చాలదని చెప్పడానికి మా వైపు ఒక గొప్ప కట్టడం ఉంది. వనపర్తి జిల్లాలో సరళాసాగర్, 1959లో పూర్తయింది. నిండగానే మనిషి చెయ్యి పడకుండా సైఫన్లు వాటంతటవే తెరుచుకుని నీళ్లు వదిలేస్తాయి. చదువుకునే రోజుల్లో మమ్మల్ని బస్సులో తీసుకుపోయి చూపించారు. నీళ్లు ఎప్పుడు, ఎక్కడి నుంచి పోవాలో కట్టేటప్పుడే తేల్చిన పని, నాకు గుడి లాంటిది. 2019 డిసెంబర్ 31న దాని కట్ట తెగింది. చలికాలం. ఆ పొద్దున వాట్సాప్‌లో వీడియో చూసి నేను చాలాసేపు టీ తాగలేదు.

మళ్లీ సంతకం సంగతి

చివర లేని డ్రాయింగ్ మీద సంతకం పెట్టనని ఇప్పుడు అంటున్నాను. మూడేళ్లుగా పెట్టలేదు. దానివల్ల రెండు పనులు పోయాయి. ఆ రెండు డ్రాయింగుల మీదా ఇంకెవరో పెట్టారు, మోరీలు వచ్చాయి, బాణం గుర్తులతో సహా. అంటే నా పట్టుదల వల్ల ఏ గల్లీలోనూ ఒక్క బిందెడు నీళ్లు తగ్గలేదు. మా ఆఫీసులో నిన్నగాక మొన్న చేరిన పిల్లకు నేను ఇదే నీతి చెబితే, "మేడమ్, మీకు ఈఎంఐలు అయిపోయినయి" అంది. అవును, అయిపోయాయి.

అందుకని ఈ మధ్య పద్ధతి కొంచెం మార్చాను. వద్దనడం మానేసి, షీటు పెద్దది చేస్తున్నాను. పని 600 మీటర్లకే మంజూరైనా, డ్రాయింగ్ మాత్రం వాగు దాకా గీస్తాను. మంజూరైనంత నల్లటి గీత, కానిది ఎర్రటి గీత. ఎర్ర గీత పక్కన ఎన్ని ఇళ్లున్నాయో అంకె వేస్తాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కాగితం ఖర్చే. మొదటిసారి అలా పంపినప్పుడు ఎర్ర గీత ఎందుకు, తీసేయండి అని ఫోన్ వచ్చింది. తీయలేదు. రెండోసారి ఫోన్ రాలేదు. మూడోదానికి పోయిన మంగళవారం ఏఈ నుంచి, అదే శిలాఫలకం ఏఈ నుంచి, ఫోన్ వచ్చింది. "మేడమ్, మీ ఎర్ర గీత మధ్యల ఫంక్షన్ హాల్ పార్కింగ్ కనపడుతుంది. ఒకసారి పోయి చూద్దామా?"

పోయాం. ఆయన గ్రామ నక్షా జిరాక్స్ తెచ్చాడు, నేను లెవెల్ తెచ్చాను. పార్కింగ్‌లో సిమెంటు టైల్స్, ఒక మూల జనరేటర్, పైన పాత పెళ్లి పందిరి గుడ్డలు. నక్షాలో గీత సరిగ్గా జనరేటర్ కింద నుంచి పోతోంది. ఓనరు బయటికొచ్చి, ఏం కొలుస్తున్నరు సార్ అని ఏఈని అడిగాడు. కాలువ అన్నాడు ఈయన. "కాల్వనా? నేను కొన్నప్పుడు ఈడ కాల్వ లేదే" అన్నాడాయన. అబద్ధం చెబుతున్నట్టు లేదు. నీరటి తాత పదిహేనేళ్ల లెక్క గుర్తొచ్చింది.

స్టాఫ్ గోడ అవతల పెట్టించి చదివాను. పార్కింగ్‌కూ అవతలి వాగు అడుగుకూ మీటరు పది సెంటీమీటర్లు తేడా ఉంది. టైల్స్ కింద నుంచి పైపు వేసినా వాలు సరిపోతుంది. ఆ మాట చెప్పగానే ఓనరు లోపలికి కేకేసి మూడు కుర్చీలు తెప్పించాడు. "కూసోండ్రి. పైపేస్తే టైల్స్ మళ్ల మీరే ఏసిస్తరా?" అన్నాడు. ఏఈ నా వైపు చూశాడు. నేను ఎస్టిమేట్‌లో టైల్స్ రేటు ఎంతుందో వెతకడం మొదలుపెట్టాను.